టవర్లు కూలినా ఆగని పలుకు.. హామ్‌ రేడియో లైసెన్సు పొందడం ఎలా?

తుపాను తీరం దాటిన రాత్రి మొదట తెగిపోయేది సమాచార సంబంధమే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు టెలిఫోను తీగలు తెగి, రహదారులు మూసుకుపోయి, అక్కడి ఘోరం బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్నాన్ని తాకే నాటికి దాదాపు ప్రతి ఇంట్లోనూ సెల్‌ఫోను ఉంది. అయినా విద్యుత్తు నిలిచిపోయి, టవర్లు మూగబోవడంతో నగరవాసులు తమవారి క్షేమసమాచారం తెలుసుకోవడానికి రోజుల తరబడి నానా అవస్థలు పడ్డారు. సాధనాలు మారినా, వాటి బలహీనత మాత్రం మారలేదని ఈ రెండు అనుభవాలూ చాటుతున్నాయి.

ఎక్స్ఛేంజి, టవరు, ఇంటర్నెట్‌ వంటివేవీ లేకుండానే ఒక బ్యాటరీ, ఒక సెట్టు, రెండు చెట్ల మధ్య కట్టిన తీగతో వందల కిలోమీటర్ల దూరం మాట్లాడగలిగిన సాధనం హామ్‌ రేడియో. దీనినే ఔత్సాహిక రేడియో అని వ్యవహరిస్తారు. పన్నెండేళ్లు నిండిన విద్యార్థి మొదలుకొని పదవీ విరమణ చేసిన ఉద్యోగి వరకు ఎవరైనా ఇందులో ప్రవేశించవచ్చు. అయితే అంగట్లోనో, ఆన్‌లైన్‌లోనో వాకీటాకీ కొని బటను నొక్కినంత మాత్రాన హామ్‌ కాలేరు. ముందు పరీక్ష, ఆపై లైసెన్సు, ఆ తర్వాతే ప్రసారం. ఈ క్రమాన్ని తలకిందులు చేసినవారు చట్టరీత్యా చిక్కుల్లో పడే ప్రమాదముంది. పైగా విపత్తు వేళ ఎవరికీ అక్కరకు రారు.

అసలేమిటీ హామ్‌ రేడియో?

ఆర్థిక లాభాపేక్ష లేకుండా, కేవలం స్వీయ శిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధనల నిమిత్తం అధికారిక అనుమతి పొందిన వ్యక్తులు నిర్వహించే రేడియో సేవను ఔత్సాహిక సేవగా అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్‌ యూనియన్‌ నిర్వచించింది. ఆకాశవాణి మాదిరిగా ఒకరు చెబుతుంటే వేలమంది వినే ప్రసారం కాదిది. ఇద్దరు వ్యక్తులు లేదా ఒక బృందం పరస్పరం మాట్లాడుకునే ఏర్పాటు. ఇందుకోసం ప్రపంచవ్యాప్తంగా కొన్ని పౌనఃపున్యాలను ప్రత్యేకంగా కేటాయించారు.

మన దేశంలో ఈ అభిరుచికి శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తా తొలి లైసెన్సు పొందినట్లు చరిత్ర చెబుతోంది. రెండో ప్రపంచ యుద్ధం ఆరంభమైన 1939లో బ్రిటిష్‌ ప్రభుత్వం లైసెన్సులన్నింటినీ రద్దు చేసింది. స్వాతంత్ర్యానంతరం ఈ రంగం మళ్లీ పుంజుకుంది. మాజీ ప్రధాని రాజీవ్‌గాంధీ వీయూ2ఆర్‌జీ అనే కాల్‌సైన్‌తో మాట్లాడిన హామ్‌. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తెలుగునాట ఎందరికో శిక్షణనిచ్చింది. 1993 నాటి లాతూరు భూకంపంలోనూ, 2001 నాటి గుజరాత్‌ భూకంపంలోనూ దేశంలోని హామ్‌లు సమాచార వారధులుగా నిలిచారు.

సునామీ నేర్పిన పాఠం

హామ్‌ రేడియో విలువను దేశమంతటికీ తెలియజేసిన ఘటన 2004 డిసెంబరులో అండమాన్‌లో జరిగింది. భద్రతా కారణాల వల్ల ఆ దీవుల నుంచి ఔత్సాహిక ప్రసారాలకు అనుమతి దొరకడం దుర్లభం. 1987 తర్వాత పదిహేడేళ్లకు, హైదరాబాద్‌ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్‌ నాయకత్వంలో ఒక బృందం అనుమతి సంపాదించి పోర్ట్‌బ్లెయిర్‌ చేరుకుంది. వీయూ4ఆర్‌బీఐ అనే ప్రత్యేక కాల్‌సైన్‌తో ఆమె పలుకుతుంటే ఆ దీవులతో మాట్లాడేందుకు ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు పోటీపడ్డారు.

డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. ఆ వెంటనే సునామీ విరుచుకుపడింది. దీవులకు, ప్రధాన భూభాగానికి మధ్య సాధారణ సమాచార వ్యవస్థ దెబ్బతింది. సరదా సంభాషణలకని తీసుకెళ్లిన సెట్లే ఆ క్షణం నుంచి అత్యవసర కేంద్రంగా మారాయి. దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగంలోని హామ్‌లకు చేరవేయడం, వారు దానిని ఆయా కుటుంబాలకు తెలియజేయడం అవిశ్రాంతంగా సాగింది. తీవ్రంగా నష్టపోయిన కార్‌నికోబార్‌లోనూ బృంద సభ్యులు కేంద్రాన్ని నెలకొల్పారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ బృందం సునామీ వచ్చాక బయల్దేరలేదు, సెట్లు అప్పటికప్పుడు కొనలేదు. లైసెన్సు, అనుమతి, పరికరాలు, అనుభవం అన్నీ ముందే సమకూరి ఉన్నందువల్లే ఆ ఉదయం అక్కరకొచ్చాయి. జిల్లాలో హామ్‌ కావాలనుకునేవారు మొదట గ్రహించవలసింది ఇదే.

రెండు శ్రేణులు.. ఏది ఎవరికి?

ఔత్సాహిక రేడియో వ్యవహారాలను కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరిధిలోని వైర్‌లెస్‌ ప్లానింగ్‌ అండ్‌ కోఆర్డినేషన్‌ విభాగం పర్యవేక్షిస్తుంది. 1978లో రూపొంది, ఆ తర్వాత పలుమార్లు సవరణలకు లోనైన నిబంధనలు దీనికి ఆధారం. ఒకప్పుడు ఐదు రకాలుగా ఉన్న శ్రేణులను కుదించి రెండుగా చేశారు.

మొదటిది రెస్ట్రిక్టెడ్‌ శ్రేణి. దీనికి రాతపరీక్ష ఉత్తీర్ణులైతే చాలు. మోర్స్‌ సంకేతాల పరీక్ష ఉండదు. ఈ శ్రేణి వారికి సాధారణంగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్‌ కేటాయిస్తారు. 50 వాట్ల శక్తి వరకు వాడుకోవచ్చు.

రెండోది జనరల్‌ శ్రేణి. రాతపరీక్షతో పాటు మోర్స్‌ పరీక్ష కూడా ఉంటుంది. నిమిషానికి 8 పదాల వేగంతో, అంటే సుమారు 40 అక్షరాల చొప్పున, చుక్కలు గీతలను విని రాయగలగాలి, మీటతో పంపగలగాలి. వీరికి వీయూ2 కాల్‌సైన్‌, 400 వాట్ల వరకు శక్తి వినియోగించే వెసులుబాటు లభిస్తాయి.

కొత్తగా ప్రవేశించేవారిలో చాలామందికి రెస్ట్రిక్టెడ్‌ శ్రేణి అనువైనది. 50 వాట్లంటే తక్కువని భావించనవసరం లేదు. పరిస్థితులు అనుకూలిస్తే ఆ శక్తితోనే ఖండాంతరాలు దాటి మాట్లాడవచ్చు. ఏడాది రెండేళ్లు అనుభవం గడించి, మోర్స్‌ నేర్చుకుని, జనరల్‌ శ్రేణికి మారవచ్చు.

పరీక్షలో ఏమడుగుతారు?

రాతపరీక్షలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగం రేడియో సిద్ధాంతం, ఆచరణ. విద్యుత్తు, అయస్కాంతత్వం, ఓమ్‌ నియమం, కెపాసిటర్లు, కాయిల్స్‌, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, రిసీవరు, ట్రాన్స్‌మిటరు పనిచేసే తీరు, యాంటెన్నాలు, రేడియో తరంగాల గమనం ఇందులోకి వస్తాయి. ఇంటర్మీడియట్‌ భౌతికశాస్త్రం చదివినవారికి చాలావరకు పరిచయమున్న విషయాలే. పదో తరగతి విద్యార్థి సైతం రెండు మూడు నెలలు శ్రద్ధ పెడితే అందుకోగలడు.

రెండో భాగం జాతీయ, అంతర్జాతీయ నిబంధనలు. ఏ పౌనఃపున్యాలు వాడాలి, ఏ సందేశాలు నిషిద్ధం, కాల్‌సైన్‌ ఎలా పలకాలి, లాగ్‌ పుస్తకం ఎలా రాయాలి, ప్రమాద సంకేతాలకు ఎలా స్పందించాలి వంటి ప్రశ్నలుంటాయి. మాటల్లో ప్రమాద సంకేతం ‘మేడే’, మోర్స్‌లో ‘ఎస్‌ఓఎస్‌’. క్యూ సంకేతాలు తప్పనిసరిగా కంఠస్థం కావాలి. ఉదాహరణకు క్యూటీహెచ్‌ అంటే కేంద్రం ఉన్న ప్రదేశం, క్యూఆర్‌ఎం అంటే ఇతర కేంద్రాల వల్ల కలిగే అంతరాయం, క్యూఎస్‌ఎల్‌ అంటే అందినట్లు ధ్రువీకరణ.

రెండు భాగాల్లోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి. ఒకదానిలో ఎక్కువ వచ్చాయి కదా అని మరొకదానిని విస్మరించకూడదు. ఎలక్ట్రానిక్స్‌ లేదా టెలికమ్యూనికేషన్‌ ఒక పాఠ్యాంశంగా ఇంజినీరింగ్‌, సైన్స్‌ డిగ్రీ లేదా ఇంజినీరింగ్‌ డిప్లొమా పూర్తిచేసినవారికి మొదటి భాగం నుంచి మినహాయింపు పొందే అవకాశాన్ని నిబంధనలు కల్పించాయి. పాలిటెక్నిక్‌, ఇంజినీరింగ్‌ కళాశాలలు విస్తరించిన జిల్లాల్లో ఇది ఎందరికో ఉపకరించే వెసులుబాటు.

దరఖాస్తు నుంచి కాల్‌సైన్‌ వరకు

దరఖాస్తు ప్రక్రియ ఇప్పుడు టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన ‘సరళ్‌ సంచార్‌’ పోర్టల్‌ ద్వారా సాగుతోంది. అభ్యర్థి అందులో నమోదై, గుర్తింపు, వయసు, చిరునామా ధ్రువపత్రాలు, ఫొటోలు జతచేసి, రుసుము చెల్లించి పరీక్షకు దరఖాస్తు చేసుకోవాలి.

ఇందులో రెండు మెట్లున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి లభించేది ఔత్సాహిక రేడియో ఆపరేటరు ధ్రువపత్రం. అది అర్హతను మాత్రమే తెలియజేస్తుంది. కేంద్రం నెలకొల్పి ప్రసారం చేయడానికి లైసెన్సు వేరుగా తీసుకోవాలి. లైసెన్సుతోనే కాల్‌సైన్‌ వస్తుంది. ఈ దశలో భద్రతాపరమైన పరిశీలన కూడా జరుగుతుంది కాబట్టి కొంత కాలం పట్టవచ్చు. పరీక్ష నెగ్గామన్న ఉత్సాహంతో లైసెన్సు చేతికి రాకముందే ప్రసారం మొదలుపెట్టడం నేరమవుతుంది.

లైసెన్సును 20 ఏళ్లకు గానీ, జీవితకాలానికి గానీ తీసుకునే వీలు కల్పించారు. వీటి రుసుములను వరుసగా వెయ్యి, రెండు వేల రూపాయలుగా నిర్ణయించారు. 1885 నాటి టెలిగ్రాఫ్‌ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చిన దృష్ట్యా, దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లోని రుసుములు, నిబంధనలను ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

కాల్‌సైన్‌ అంటే వాహనానికి రిజిస్ట్రేషన్‌ నంబరు వంటిది. ప్రపంచంలో ఒకరికి ఉన్నది మరొకరికి ఉండదు. తొలి అక్షరాలు వీయూ అని వినగానే అవతలి వ్యక్తి భారతీయ కేంద్రమని గుర్తిస్తారు. వీయూ4 అండమాన్‌ నికోబార్‌కు, వీయూ7 లక్షద్వీప్‌కు సంకేతాలు.

చౌక వాకీటాకీలతో జాగ్రత్త

కొన్ని వేల రూపాయలకే చేతిలో పట్టుకునే సెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతుండటంతో కల్యాణ మండపాలు, నిర్మాణ సంస్థలు, పొలాల యజమానులు వాటిని తెప్పించుకుంటున్నారు. వీటిలో చాలావాటిని పోలీసు, అగ్నిమాపక, విమానయాన సేవలు వాడే పౌనఃపున్యాలకు సైతం మార్చుకోవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది. తెలియక నొక్కిన ఒక్క బటను అత్యవసర సేవల సంభాషణకు అడ్డుతగలవచ్చు.

ఈ విక్రయాలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ఈ-కామర్స్‌ సంస్థలకు నోటీసులిచ్చింది. వాకీటాకీల వంటి రేడియో పరికరాల అక్రమ విక్రయాన్ని నియంత్రించేందుకు అదే ఏడాది మార్గదర్శకాలు వెలువడ్డాయి. లైసెన్సు అక్కర్లేని సెట్లు కూడా కొన్ని ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్‌ మధ్య అల్పశక్తితో పనిచేసే, తగిన ఆమోదం పొందిన సెట్లకు 2018 నిబంధనలు మినహాయింపునిచ్చాయి. పెళ్లి పనులకో, పొలం పనులకో సెట్లు కావాలనుకునేవారు ఇలాంటివే ఎంచుకోవాలి. వ్యాపార అవసరాలకు హామ్‌ పౌనఃపున్యాలు వాడటం లైసెన్సు ఉన్నవారికి సైతం నిషిద్ధమే.

సెట్టు కొనేముందు వినడం నేర్వాలి

లైసెన్సు కోసం వేచిచూసే నెలలను వృథా చేయనక్కర్లేదు. వివిధ దేశాల్లోని ఔత్సాహికులు తమ రిసీవర్లను ఇంటర్నెట్‌కు అనుసంధానించి అందరికీ అందుబాటులో ఉంచారు. ఇంట్లోని కంప్యూటరు మీదే 7 మెగాహెర్ట్జ్‌, 14 మెగాహెర్ట్జ్‌ సంభాషణలు వినవచ్చు. ఎవరు ముందు పలుకుతారు, పేరు ఎలా అక్షరాలుగా విడదీసి చెబుతారు, సంభాషణ ఎలా ముగిస్తారు అన్నవి వినడం ద్వారానే ఒంటబడతాయి. పుస్తకంలో చదివిన క్యూ సంకేతాలు చెవికి అలవాటవుతాయి.

పగలు ఏ పౌనఃపున్యం పనిచేస్తుంది, రాత్రి ఏది దూరం వెళ్తుంది అన్న అవగాహన కూడా ఇలాగే వస్తుంది. భూమికి పైనున్న అయనావరణం కొన్ని తరంగాలను తిప్పి భూమి మీదకు పంపుతుంది. అందువల్లే 7 మెగాహెర్ట్జ్‌ వద్ద పగటిపూట కొన్ని వందల కిలోమీటర్లు, రాత్రివేళ అంతకు మించి సంభాషణ సాధ్యం. 14 మెగాహెర్ట్జ్‌ దూరదేశాలకు అనువు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ మధ్య తరంగాలు మాత్రం దాదాపు కంటిచూపులా తిన్నగా వెళ్తాయి.

చేతి సెట్టుకు ఎంత దూరం?

మొదటి సెట్టుగా 5 వాట్ల చేతి సెట్టును కొనేవారే ఎక్కువ. దీని పరిమితి తెలుసుకుని కొనాలి. నేల మీద నిలబడిన ఇద్దరి మధ్య ఏ అడ్డూ లేని చదునైన చోట కూడా సుమారు 10 కిలోమీటర్లే గరిష్ఠం. భవనాలున్న పట్టణంలో అది రెండు మూడు కిలోమీటర్లకు తగ్గుతుంది. ఎక్కువ శక్తి గల సెట్టు కొంటే దూరం పెరుగుతుందన్నది అపోహ. దూరాన్ని పెంచేది యాంటెన్నా ఎత్తు. రెండు కేంద్రాల్లోనూ 16 మీటర్ల ఎత్తున యాంటెన్నా బిగిస్తే సైద్ధాంతికంగా 33 కిలోమీటర్ల వరకు పరిధి లభిస్తుంది.

కృష్ణా జిల్లా ఉదాహరణే తీసుకుంటే, అవనిగడ్డ నుంచి మచిలీపట్నానికి ఎత్తైన యాంటెన్నాలతో ప్రయత్నించవచ్చు గానీ, మచిలీపట్నం నుంచి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు చేతి సెట్టుతో నేరుగా పలకడం సాధ్యపడదు. మధ్యలో కొండ మీదనో, ఎత్తైన భవనం మీదనో రిపీటరు ఉండాలి. రిపీటరు ఒక పౌనఃపున్యంలో విన్నదానిని మరో పౌనఃపున్యంలో మళ్లీ ప్రసారం చేస్తుంది. అయితే తుపానులో ఆ రిపీటరుకే విద్యుత్తు అందకపోతే చేతి సెట్లు మళ్లీ స్థానికానికే పరిమితమవుతాయి.

ఇరవై మీటర్ల తీగ.. వందల కిలోమీటర్ల మాట

అందుకే విపత్తు వేళ నమ్మదగినది 7 మెగాహెర్ట్జ్‌ వంటి హెచ్‌ఎఫ్‌ పౌనఃపున్యాలపై పనిచేసే సెట్టు. దీనికి ఖరీదైన యాంటెన్నా అవసరం లేదు. డైపోల్‌ అని పిలిచే సాధారణ తీగ యాంటెన్నాను ఎవరైనా ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. 143ను పౌనఃపున్యంతో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు లెక్కిస్తే సుమారు 20.1 మీటర్లు. దానిని మధ్యకు కత్తిరించి, ఒక్కోవైపు 10 మీటర్ల చొప్పున చాచి, మధ్య నుంచి 50 ఓమ్‌ల కోయాక్సియల్‌ కేబుల్‌ను సెట్టుకు కలపాలి. చివరల్లో తీగను ఇన్సులేటర్లకు కట్టి, నైలాన్‌ తాళ్లతో చెట్లకో స్తంభాలకో బిగించాలి.

ఎంత ఎత్తున కట్టాలన్న ప్రశ్నకు ఆసక్తికరమైన సమాధానముంది. ఎనిమిది, పది మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్‌ నుంచి తరంగాలు ఎక్కువగా నిటారుగా పైకి వెళ్లి, అయనావరణం నుంచి గొడుగులా చుట్టుపక్కల జిల్లాల మీదకే దిగుతాయి. విదేశాలతో మాట్లాడాలనుకునేవారికి ఇది లోపమే గానీ, పొరుగు జిల్లాలకు, రాజధానికి సమాచారం పంపాల్సిన వేళ ఇదే అనుకూలం. మధ్యలో కొండలున్నా అడ్డుకాలేవు.

యాంటెన్నా సరిగా కుదిరిందో లేదో ఎస్‌డబ్ల్యూఆర్‌ మీటరుతో చూసుకోవాలి. రీడింగు 1.5 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. అంతకు మించి బాగా ఎక్కువగా ఉంటే పంపిన శక్తి వెనుదిరిగి సెట్టును దెబ్బతీయవచ్చు. అలాంటప్పుడు తీగ పొడవును కొద్దికొద్దిగా సవరించాలి. కొత్తవారు సెట్టుకు వెచ్చించినంత శ్రద్ధ యాంటెన్నాకు వెచ్చించరు. నిజానికి సాధారణ సెట్టుకు మంచి యాంటెన్నా తోడైతే వచ్చే ఫలితం, ఖరీదైన సెట్టుకు నాసిరకం యాంటెన్నా తగిలిస్తే రాదు.

విద్యుత్తు తీగల సమీపంలో యాంటెన్నాను ఎట్టిపరిస్థితుల్లోనూ కట్టరాదు. కడుతున్నప్పుడు గానీ, తెగిపడినప్పుడు గానీ అది కరెంటు తీగలను తాకే అవకాశమే ఉండకూడదు. ఉరుములు, మెరుపుల వేళ కేబుల్‌ను సెట్టు నుంచి తొలగించాలి. ఎర్తింగ్‌ తప్పనిసరి.

బ్యాటరీ లెక్క ముఖ్యం

ఇంట్లో వాడే హెచ్‌ఎఫ్‌ సెట్లలో అధికభాగం 13.8 వోల్టుల డీసీ విద్యుత్తుతో పనిచేస్తాయి. 100 వాట్ల సెట్టుకు పూర్తి శక్తితో ప్రసారం చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు కావాలి. కాబట్టి 30 ఆంపియర్ల పవర్‌సప్లై తీసుకోవడం మేలు. రెస్ట్రిక్టెడ్‌ లైసెన్సు గలవారు ఇలాంటి సెట్టును అనుమతించిన శక్తికి తగ్గించి వాడాలి.

కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. 50 వాట్ల ప్రసారానికి 10 ఆంపియర్లు, వినేటప్పుడు ఒక ఆంపియరు అనుకుంటే, అయిదో వంతు సమయం మాట్లాడి మిగతా సమయం వినే కేంద్రానికి సగటున 3 ఆంపియర్ల లోపే ఖర్చవుతుంది. 40 ఆంపియర్‌ అవర్ల లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీని సగం వరకే వాడినా ఏడు గంటలు నడుస్తుంది. చిన్న సౌరఫలకం తోడైతే మరుసటి రోజుకు మళ్లీ సిద్ధమవుతుంది. తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవారి బ్యాటరీయే ఎక్కువ సేపు నిలుస్తుంది.

హైదరాబాద్‌లో పుట్టిన సెట్టు

విదేశీ కంపెనీల కొత్త హెచ్‌ఎఫ్‌ సెట్లు లక్ష రూపాయలు దాటడం పరిపాటి. విద్యార్థులకు అది భారమే. ఈ సమస్యకు హైదరాబాద్‌కు చెందిన హామ్‌ అష్హర్‌ ఫర్హాన్‌ చూపిన పరిష్కారం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. సులభంగా దొరికే విడిభాగాలతో ఎవరైనా ఇంట్లో తయారుచేసుకోగలిగిన ‘బిట్‌ఎక్స్‌’ సెట్టు రూపకల్పనను ఆయన 2003లో విడుదల చేశారు. వినడానికి, పలకడానికి అవే సర్క్యూట్లను రెండు దిశల్లోనూ వాడుకోవడం దీని ప్రత్యేకత. ఫలితంగా భాగాలు తగ్గి, ఖర్చు తగ్గింది. తర్వాతి కాలంలో 7 మెగాహెర్ట్జ్‌కు ఉద్దేశించిన బిట్‌ఎక్స్‌40, 3 నుంచి 30 మెగాహెర్ట్జ్‌ వరకు పనిచేసే మైక్రోబిట్‌ఎక్స్‌ బోర్డులు కూడా వచ్చాయి. హైదరాబాద్‌లో తయారైన ఈ బోర్డులను అనేక దేశాల ఔత్సాహికులు తెప్పించుకున్నారు.

ఎలక్ట్రానిక్స్‌ విద్యార్థులకు ఇలాంటి కిట్‌ పరికరమే కాదు, పాఠ్యపుస్తకం కూడా. సోల్డరింగ్‌ నేర్చుకుని, లోపం ఎక్కడుందో మీటరుతో వెతికి, తాను అతికించిన బోర్డు మీద తొలిసారి గొంతు వినిపించినప్పుడు రేడియో సిద్ధాంతం పూర్తిగా బోధపడుతుంది. సెకండ్‌హ్యాండ్‌ సెట్లు కొనేవారు మాత్రం లైసెన్సు గల హామ్‌ల వద్దే కొనాలి. అనుభవజ్ఞుడి సమక్షంలో పరీక్షించి తీసుకోవాలి. విదేశాల నుంచి తెప్పించుకునేవారు దిగుమతి నిబంధనలు ముందుగా తెలుసుకోవాలి.

తొలి పలుకు.. తగని మాటలు

కొత్త హామ్‌ ముందుగా ఎంచుకున్న పౌనఃపున్యంలో కాసేపు నిశ్శబ్దంగా వినాలి. ఎవరూ లేరనిపిస్తే, ఖాళీగా ఉందా అని ఒకసారి అడగాలి. బదులు రాకపోతే ‘సీక్యూ’ అని పలికి కాల్‌సైన్‌ చెప్పాలి. అందరికీ ఇదే పిలుపు. అవతలి వ్యక్తి స్పందించాక వారి ధ్వని ఎంత స్పష్టంగా, ఎంత బలంగా వినిపిస్తోందో అంకెల్లో తెలియజేస్తారు. తర్వాత పేరు, ఊరు, సెట్టు, యాంటెన్నా వివరాలు పంచుకుంటారు. తేదీ, సమయం, పౌనఃపున్యం, అవతలి కాల్‌సైన్‌ లాగ్‌ పుస్తకంలో నమోదు చేయాలి.

సాంకేతిక విషయాలు, వ్యక్తిగత కుశలప్రశ్నలకే సంభాషణ పరిమితం కావాలి. వ్యాపార లావాదేవీలు, ప్రకటనలు, పాటలు, అసభ్య పదజాలం, రహస్య సంకేతాలు నిషిద్ధం. ఇతరుల తరఫున సందేశాలు చేరవేయడం సాధారణ సమయాల్లో కుదరదు. అయితే భూకంపం, వరద, తుపాను, పెద్ద అగ్నిప్రమాదం వంటి విపత్తుల్లో ఈ నిబంధనకు సడలింపు ఉంది. అలాంటప్పుడు సందేశాలు పంపే, అందుకునే సమర్థ అధికారిగా నిబంధనలు పేర్కొన్నది జిల్లా కలెక్టరునే. హామ్‌కూ జిల్లా పాలనకూ ఉన్న ఈ బంధం చట్టంలోనే ఉండటం గమనార్హం.

శ్రీహరికోట నుంచి అంతరిక్షానికి

ఔత్సాహికుల కోసమే ఇస్రో రూపొందించిన 42.5 కిలోల హామ్‌శాట్‌ ఉపగ్రహాన్ని 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 నింగికి చేర్చింది. చిన్న సెట్టు, చేతితో పట్టుకునే యాంటెన్నాతో ఉపగ్రహం ద్వారా మాట్లాడే అవకాశాన్ని అది 2014 వరకు ఎందరికో కల్పించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ హామ్‌ కేంద్రం ఉంది. 2025 జులైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి హామ్‌ రేడియో ద్వారానే భారత విద్యార్థులతో ముచ్చటించారు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు అక్కడ లైసెన్సు పొందడానికి పౌరసత్వం అవసరం లేదు. టెక్నీషియన్‌ శ్రేణి పరీక్షలో 35 ప్రశ్నలుంటాయి. 26 సరైన సమాధానాలు రాస్తే ఉత్తీర్ణులైనట్లే. మోర్స్‌ పరీక్షను అక్కడ 2007లోనే తొలగించారు. అయితే ఆ లైసెన్సుతో స్వదేశానికి వచ్చి నేరుగా ప్రసారం చేయడం కుదరదు. ఇక్కడి అధికారుల అనుమతి విధిగా తీసుకోవాలి.

ఒక్కరితో కాదు.. బృందంతోనే ఫలితం

జిల్లాలో ఒక్క హామ్‌ ఉంటే అతడు వినిపించేది దూరాన ఉన్నవారికే. మండలానికి ఒకరు చొప్పున ఉంటే అది వ్యవస్థ అవుతుంది. వారానికోసారి నిర్ణీత సమయంలో, నిర్ణీత పౌనఃపున్యంలో అందరూ కలిసి హాజరు పలికే పద్ధతిని ‘నెట్‌’ అంటారు. ఒకరు నియంత్రిస్తుంటే మిగిలినవారు క్రమశిక్షణతో వంతులవారీగా మాట్లాడతారు. విపత్తు రోజున పనికొచ్చేది ఈ అలవాటే. ఏడాది పొడవునా అటకెక్కిన సెట్టు తుపాను రాత్రి దించితే బ్యాటరీ పనిచేయదు, తీగ తుప్పు పట్టి ఉంటుంది, ఎవరిని ఏ పౌనఃపున్యంలో పిలవాలో తెలియదు.

కళాశాలలు క్లబ్బులుగా ఏర్పడి సొంత కేంద్రానికి లైసెన్సు తీసుకునే వీలుంది. హైదరాబాద్‌లో లామకాన్‌ వేదికగా నడిచే ఔత్సాహికుల క్లబ్బు వంటివి కొత్తవారికి మార్గం చూపుతున్నాయి. జిల్లాలోని లైసెన్సు గల హామ్‌లు తమ పేరు, కాల్‌సైన్‌, కేంద్రం వివరాలను కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగానికి ముందుగానే అందజేస్తే, అవసరమైన వేళ అధికారులు వెతుక్కోనవసరం ఉండదు.

గుర్తుంచుకోవాల్సినవి

* కనీస వయసు 12 ఏళ్లు. మొదటి అడుగుగా రెస్ట్రిక్టెడ్‌ శ్రేణి అనువు.
* పరీక్ష, లైసెన్సు దరఖాస్తులు సరళ్‌ సంచార్‌ పోర్టల్‌లో.
* ఆపరేటరు ధ్రువపత్రం వేరు, లైసెన్సు వేరు. రెండూ ఉంటేనే ప్రసారం.
* లైసెన్సు రాకముందు ఇంటర్నెట్‌ రిసీవర్ల ద్వారా వినడం అలవరచుకోవాలి.
* స్థానిక సంభాషణకు చేతి సెట్టు, జిల్లాలు దాటడానికి హెచ్‌ఎఫ్‌ సెట్టు, డైపోల్‌.
* సెట్టు కంటే యాంటెన్నా, యాంటెన్నా కంటే భద్రత ముఖ్యం.
* చిరునామా మారితే లైసెన్సు అధికారులకు తెలియజేయాలి.
* నెలకోసారైనా కేంద్రాన్ని బ్యాటరీ మీదే నడిపి పరీక్షించాలి.

బంగాళాఖాతంలో ఏటా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. వేసవిలో దరఖాస్తు చేసి చదువు మొదలుపెట్టినవారు ఆ ఏడాది తుపానులకు సిద్ధం కాకపోవచ్చు గానీ, మరుసటి ఏటికి జిల్లాకు ఒక అదనపు గొంతు అవుతారు.